ఎద్దును పలకరించి వచ్చిన సాయంకాలం

ఈ విషయం రాసి ఉంచడానికి కారణమేమిటో ముందుగా చెప్పడం నా విధి. కారణం చెప్పకుండా వ్యాసం మొదలుపెట్టిన విద్యార్థులను నా ఉద్యోగకాలమంతా మందలించాను. ఇప్పుడు ఆ నియమం నేనే తప్పితే బాగుండదు.

మేముండేది రాజమహేంద్రవరంలో, గోదావరి గట్టుకు దగ్గరగా ఉన్న ఒక వీధిలో. మొన్నటి వేసవిలో ఒక ఇంటి డాబా మీద, మండుటెండలో, గొలుసుతో కట్టివేసిన కుక్క ఒకటి కనిపించింది. దాని నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉందని ఎదురింటి కుర్రవాళ్ళు గమనించారు. గమనించడం మంచిదే. ఫోటో తీశారు. అదీ మంచిదే. ఆ తరువాత ఆ ఫోటోను వీధివారి వాట్సాప్ గ్రూపులో పెట్టి, దాని కింద ఆ ఇంటాయనను ఉద్దేశించి, నేను ఇక్కడ రాయలేని మాటలు రాశారు. సాయంత్రానికి అది ఊరంతా తిరిగింది. మర్నాడు పొద్దున్నే ఆ పెద్దమనిషి కుక్కను కారులో ఎక్కించుకుని, వంతెన దాటించి, ఎక్కడో వదిలేసి వచ్చాడు. డాబా మీద గొలుసు లేదు, గిన్నె లేదు, కుక్కా లేదు. గ్రూపులో అభినందనలు మాత్రం చాలా ఉన్నాయి.

ఆ కుర్రవాళ్ళు మంచివాళ్ళు. కుక్క కోసం కొవ్వూరు దాకా వెళ్ళి వెతికారు. దొరకలేదు. ముఖాలు వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చి, "మేం చేసింది తప్పాండి, తాతగారూ?" అని అడిగారు. పూర్తిగా తప్పని నేననలేదు. పశువుల ఆసుపత్రి ఉంది, చట్టం ఉంది, పోలీసు స్టేషను ఉంది. చెప్పవలసిన చోట చెప్పడం పౌరుడి బాధ్యత. అయితే వాళ్ళు ఇంకో ప్రశ్న కూడా అడిగారు. "మీ చిన్నప్పుడైతే ఏం చేసేవారండి?" ఆ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు ఉంది. నిలబడి రెండు ముక్కల్లో చెప్పగలిగినది కాదు. అందుకని కూర్చుని రాస్తున్నాను. పేర్లు, సంవత్సరాలు కావాలనే వదిలేశాను. ఆ కుటుంబాలవారు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నారు. వారిని ఇబ్బంది పెట్టడం నా ఉద్దేశం కాదు.

మా ఊరు ద్రాక్షారామం వైపు వెళ్ళే కాలవ పక్కన, లాకులకు కొంచెం దిగువన ఉండేది. మా ఇంట్లో పెత్తనమంతా నాయనమ్మది. క్రమశిక్షణ అనే మాట నేను పుస్తకాల్లో చదవకముందే ఆవిడ చేతి కింద అనుభవించాను. చీపురు నిలబెట్టకూడదు. బిందె మీద మూత వంకరగా ఉండకూడదు. పశువులు మేత ముట్టకముందు మనుషులకు విస్తరి వెయ్యకూడదు. ఈ చివరి నియమం వల్ల మేము పిల్లలం ఆకలితో పశువుల పాక గుమ్మం దగ్గర నిలబడి, "తినవే తల్లీ, తినవే నాయనా" అని ఎడ్లనూ గేదెలనూ బతిమాలుకునేవాళ్ళం.

పెరట్లో పొయ్యి మీద పెద్ద తప్పేలాలో ఎడ్లకు ఉలవలు ఉడికేవి. ఆ వాసన కొంచెం మట్టివాసనలా, కొంచెం కాలిన బెల్లంలా ఉండేది. ఉడికిన ఉలవలు ఎడ్లకు, పైన తేరిన చిక్కటి నీరు మాకు. ఆ నీటిని చింతపండు పులుసుతో గంటలకొద్దీ మరగనిచ్చి, అన్నంలో పోసి, పైన వెన్నముద్ద వేస్తే, మాలో మాట్లాడేవాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు అదే చారును హోటళ్ళలో చిన్న గిన్నెలో పోసి, గొప్ప వంటకమని తెచ్చి పెడుతున్నారు. అది ఎడ్ల భోజనంలో మాకు దక్కిన వాటా అని వడ్డించేవారికి తెలియదు.

అది సార్వా పంట కుప్పలు నూర్చే కాలం. పొద్దున్నే మంచు కురిసి కాలవ కనిపించేది కాదు. ఎక్కడ చూసినా కొత్త గడ్డి వాసన, ధాన్యపు దుమ్ము, ఎవరో ఒకరు తంపట వేసి కాల్చిన తేగల కమ్మదనం. కళ్ళాల నుంచి మిల్లుకు బండ్లు బారులు తీరి పోయేవి. మిల్లు లాకుల అవతల ఉండేది. అక్కడికి చేరాలంటే కాలవ మీద వంతెన ఎక్కాలి. వంతెనకు అటూ ఇటూ నిటారైన ఎక్కుడు. బస్తాల బండి ఆ ఎక్కుడు ఎక్కుతుంటే, దారిన పోయేవాళ్ళు ఎవరైనా సరే, చొక్కా చేతులు మడిచి చక్రానికి చెయ్యి వెయ్యడం అప్పట్లో మామూలు.

మేము మాత్రం చెయ్యి వేసేవాళ్ళం కాదు. బడి వదిలాక బండి తోక పట్టుకుని వేలాడేవాళ్ళం. బండివాళ్ళందరిలోకీ ఎక్కువగా తిట్టేది కాలవ అవతలి పాకలో ఉండే ఒకాయన. మంచి బండి, మంచి జోడు. నోరు మాత్రం పెద్దది. వెనక్కి చూడకుండానే మమ్మల్ని కనిపెట్టేవాడు.

"దిగండ్రా, కోతి మూక! ఎడ్లు లాగేది ధాన్యాన్నిరా, మీ బొజ్జల్ని కాదు! దిగకపోతే అయ్యగారితో చెప్పి బడిలో గోడకుర్చీ వేయిత్తాను!"

ఆ తిట్లు మాకు ముద్దు. వాటి కోసమే వేలాడేవాళ్ళం. అలాంటిది ఒకరోజు మేము వేలాడినా ఆయన ఏమీ అనలేదు. వంతెన ఎక్కుడులో బండి దాదాపు ఆగిపోయింది. నాకు ఏదో తేడా అనిపించి, దిగి ముందుకు పరుగెత్తాను. దాపటి ఎద్దు, అంటే ఎడమ వైపుది, తల కిందికి వేసి, కాడి ఒత్తుకున్నప్పుడల్లా మెడ బయటికి తిప్పుకుంటోంది. మెడ మీద తడి గోనెపట్టా కప్పి ఉంది. గోనె అంచున ఈగలు. దగ్గరికి వెళ్ళేసరికి వేపనూనె వాసన, ఆ వాసన కింద మరో వాసన. బండాయన ఒక చేత్తో చక్రం ఆకుకర్ర పట్టుకుని తోస్తున్నాడు. రెండో చేత్తో అదే ఎద్దును ముల్లుకర్రతో పొడుస్తున్నాడు. ఆ రెండు పనులూ ఒకే మనిషి ఒకేసారి చెయ్యడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి పరుగెత్తి, పెరట్లో ఉలవల తప్పేలా దగ్గరున్న నాయనమ్మతో ఒకే ఊపిరిలో చెప్పాను.

"నాయనమ్మా, ఆ బండాయన ఎద్దును చంపేత్తన్నాడు!"

"చంపడం నువ్వు చూశావా?"

"లేదు. దాని మెడ మీద పుండు..."

"పుండు చూశావా?"

"గోనె కప్పాడు."

"గోనె కప్పితే పుండని నీకెవరు చెప్పారు?"

"ఈగలు," అన్నాను.

ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "అయితే అలాగే చెప్పు. గోనె చూశాను, ఈగలు చూశాను, వాసన కొట్టింది, ముల్లుకర్రతో పొడిచాడు. చూసింది చెప్పు. అనుకున్నది నీ దగ్గరే పెట్టుకో."

మళ్ళీ మొదటి నుంచీ చెప్పించింది. నా జీవితంలో నేను ఇచ్చిన మొదటి సరైన నివేదిక అదే. దురదృష్టం ఏమిటంటే, అరుగు మీద కూర్చున్న మా బాబాయి ఈ రెండో నివేదిక వినలేదు. మొదటిదే విన్నాడు.

బాబాయి రాజమండ్రిలో కాలేజీ చదువుతూ సెలవులకు వచ్చాడు. ఊళ్ళో ప్యాంటు వేసుకునే బహు కొద్దిమందిలో ఒకడు. మనసు మంచిది, ఆవేశం జాస్తి. మర్నాడు పొద్దున్నే తిన్నగా మిల్లు ఆవరణలోకి వెళ్ళాడు. ఆయన వెనక నేనూ వెళ్ళాను. అక్కడ బండ్లన్నీ వంతు కోసం ఆగి ఉన్నాయి. బండివాళ్ళు చుట్టలు కాల్చుకుంటున్నారు.

"ఏమయ్యా, కళ్ళున్నాయా నీకు?" అన్నాడు బాబాయి, అందరికీ వినబడేలాగ. "నోరులేని జీవాన్ని ఇలాగా హింసించేది? నీకంటే కసాయివాడు నయం!"

అప్పటిదాకా రోజూ ఆ ఎద్దు పక్కనే తమ ఎడ్లను నిలబెట్టుకుని నోరెత్తని వాళ్ళకు ఒక్కసారిగా నోళ్ళు వచ్చాయి.

"ఆయ్, బాబుగారు నిజమే చెప్పారండి. నాల్రోజుల బట్టీ కంపు కొడతంది."

"నేనప్పుడే అన్నానండి, ఇనిపించుకోడండి."

ఒకడు చనువుగా వచ్చి గోనె ఎత్తి అందరికీ చూపించాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి బండాయన గోనె లాక్కుని, మళ్ళీ ఎద్దు మెడ మీద కప్పుతున్నాడు. కప్పడం అయ్యాక బాబాయి వైపు తిరిగాడు.

"బాగా చెప్పారండి బాబుగారూ. కాడి దింపేత్తానండి. దీని బదులు మీరు వత్తారాండి? ప్యాంటు మడుచుకుని రండి, దాపట కడతాను."

ఆవరణంతా గొల్లుమంది. బాబాయి ముఖం కందగడ్డలా అయింది. బండాయన మాత్రం నవ్వలేదు.

"వచ్చే సంతకి తోలేత్తానండి దీన్ని. మీకు కంపూ ఉండదు, నాకీ మాటా ఉండదు."

సంతకు తోలడమంటే ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు, పిల్లవాడినైన నాకూ తెలుసు. మెడ పుండున్న ఎద్దును ఏ రైతూ కొనడు. దాన్ని కొనేవాళ్ళు సంతలో ఒక మూలన వేరుగా నిలబడతారు. వాళ్ళకు ఎద్దు నడక అక్కర్లేదు, పళ్ళు అక్కర్లేదు. వాళ్ళతో వెళ్ళిన ఎద్దు మళ్ళీ ఎవరి బండికీ కనిపించదు.

ఇంటికొచ్చి జరిగింది చెప్పాం. నాయనమ్మ బాబాయిని కూర్చోబెట్టింది. ఆవిడ కోపంగా ఉన్నప్పుడు గొంతు తగ్గేది.

"ఎద్దును సంతకు తోలింది నువ్వురా."

"నేనేం చేశానమ్మా? నిజం చెప్పాను."

"నిజమే చెప్పావు. పదిమందిలో చెప్పావు. ఇప్పుడు అతను ఎద్దును నిలపాలంటే ఆ పదిమంది ముందూ తల దించుకోవాలి. దానికంటే ఎద్దును అమ్ముకోవడం తేలికనిపిస్తుంది ఏ మగాడికైనా."

"మరి చూస్తూ ఊరుకోమంటావా?"

"ఊరుకోమని ఎవరన్నారు? సాయంత్రం వెళ్ళి పలకరించి వస్తాను."

"ఎవర్ని? ఆ బండివాడినా?"

"ఒంట్లో బాగాలేనిది అతనికా? ఎద్దుని."

పలకరింపు అనే మాట ఇప్పటివారికి ఊరికే 'బాగున్నారా' అనడంగా తెలుసు. మా ప్రాంతంలో దానికి బరువైన అర్థం ఒకటుంది. జబ్బుపడ్డవారి ఇంటికి, మనిషి పోయిన ఇంటికి వెళ్ళి కాసేపు కూర్చుని రావడాన్నే పలకరింపు అంటారు. పాతపగలు ఉన్నవాడైనా పలకరింపుకు వచ్చినవారిని గుమ్మంలోంచి పంపడు. జబ్బుపడ్డవారి దగ్గరికి వట్టి చేతులతో వెళ్ళరు. ఆ ఇంట్లో తగువు పెట్టుకోరు, సలహాలు గుప్పించరు. నాయనమ్మ ఈ మర్యాదను యథాతథంగా తీసుకెళ్ళి ఒక ఎద్దుకు వర్తింపజేసింది. అంతకుముందు ఎవరైనా అలా చేశారో లేదో నాకు తెలియదు.

పొద్దు వాలుతుండగా బయల్దేరాం. ఆవిడ చేతిలో గుడ్డ కప్పిన తప్పేలాలో ఉడికిన ఉలవలు, నా నెత్తి మీద పచ్చి పిల్లిపెసర మేత మోపు. పిల్లిపెసర వాసన లేతగా, చల్లగా, ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. వీధిలో అరుగు మీది ఆడవాళ్ళు అడిగారు.

"ఎక్కడికండీ, అమ్మగారూ, ఈ ఏళప్పుడు?"

"పలకరింపుకమ్మా."

"అయ్యో, ఎవరికండీ?"

"ఒంట్లో బాగాలేదంట," అని ఆగకుండా నడిచింది. అబద్ధం చెప్పలేదు. అదనంగా ఒక్క మాటా చెప్పలేదు.

కాలవ దాటి ఆ పాక చేరేసరికి బండాయన ఇంకా రాలేదు. ఎడ్లను కట్టేసి కాలవకు స్నానానికి వెళ్ళాడట. ఆయన భార్య కంగారుగా మంచం వాల్చింది. నాయనమ్మ మంచం వైపు చూడకుండా పశువుల పాకలోకి వెళ్ళింది. దాపటి ఎద్దు ముందు కూర్చుంది. దాని నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఏం నాయనా, ఎలా ఉంది? తింటున్నావా?" అని, జ్వరంలో ఉన్న పెద్దమనిషిని అడిగినట్టే అడిగింది.

నాకు నవ్వు రాబోయింది. ఆవిడ ముఖం చూసి ఆగిపోయింది. గోనె మెల్లగా ఎత్తి చూసి, మళ్ళీ కప్పింది. ఉలవలు ముందు పెట్టింది. ఎద్దు వాసన చూసి, కాసేపు ఆలోచించి, మెల్లగా తినసాగింది.

"పసుపు రాత్తన్నావండి, వేపనూనె రాత్తన్నావండి," అంటోంది భార్య వెనక నుంచి. "బండి కట్టక తప్పదండి. మబ్బులు పట్టేత్తన్నాయంట. ధాన్యం కళ్ళాల్లో ఉండిపోతే రైతులూరుకుంటారాండి?"

ఈలోగా బండాయన తడితలతో, భుజాన తువ్వాలుతో వచ్చాడు. ఎవరొచ్చారో చూసి గుమ్మంలోనే ఆగాడు. పొద్దుటి మాటలకు కొనసాగింపు ఉంటుందని గుండె దిటవు చేసుకున్నట్టున్నాడు. అదేమీ లేకపోయేసరికి తబ్బిబ్బయ్యాడు.

"రండమ్మగారండీ. కూకోండి. ఏమేవ్, మజ్జిగ ఇవ్వు."

మజ్జిగ వచ్చింది. నాయనమ్మ అరచెయ్యి అడ్డం పెట్టింది, వద్దన్నట్టు. కొంతసేపు ఎద్దునే చూస్తూ కూర్చుంది. తరువాత లేచి, పైట భుజం చుట్టూ కప్పుకుని, ఎవరివైపూ చూడకుండా బయటికి నడిచింది.

నేను మర్యాద తెలిసిన పిల్లవాడిని. ఎవరింటి నుంచి బయల్దేరినా చెప్పి రావాలని నేర్పిందే ఆవిడ. గుమ్మంలో వెనక్కి తిరిగి, "వెళ్ళొ..." అన్నాను. ఆవిడ అరచెయ్యి వచ్చి నా నోటి మీద గట్టిగా పడింది. ఆ చేతికి ఉలవల వాసన ఉంది.

మేము పాక దాటామో లేదో వెనక నుంచి ఆ ఇల్లాలి గొంతు వినిపించింది.

"అమ్మగారండీ! సెప్పకుండా ఎళ్ళిపోతన్నారేంటండీ? మజ్జిగ ముట్టలేదు, ఎళ్ళొత్తానన్లేదు... మా ఇంట్లో ఎవరు పోయారండీ?"

నాయనమ్మ ఆగలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు ఏ ఇంటి నుంచి వెళ్ళేటప్పుడైనా 'వెళ్ళొస్తాను' అనాలి. 'వెళ్తాను' అనడం కూడా తప్పే. ఒక్క ఇంట్లో మాత్రం ఆ మాట అనకూడదు. మనిషి పోయిన ఇంట్లో. అలాంటి పనికి ఆ ఇంటికి మళ్ళీ రావలసిన అవసరం కలగకూడదని. ఆ ఇంట మంచినీళ్ళు కూడా ముట్టరు. చెప్పకుండా లేచి వచ్చేస్తారు. నాయనమ్మ జబ్బుపడ్డవారి ఇంటికి వెళ్ళినట్టు వెళ్ళి, చావింటి నుంచి వచ్చినట్టు వచ్చింది. ఇంటివాళ్ళతో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఇంటివాళ్ళకు తప్ప మరెవరికీ తెలియలేదు.

ఇల్లు చేరాక లోపలికి రాకుండా పెరటి దారిన నూతి దగ్గరికి నడిచింది. ఆ చలిలో తన మీద నీళ్ళు గుమ్మరించుకుంది. నా మీదా గుమ్మరించింది. చావింటి నుంచి వచ్చినవాళ్ళు చేసేది అదే. నా అరుపులకు బాబాయి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు పోయారు?"

"ఇంకా పోలేదు," అంది ఆవిడ, తల తుడుచుకుంటూ. తరువాత నా చెవి పట్టుకుంది. "ఈ మాట వీధిలోకి వెళ్ళిందంటే తాట తీస్తాను."

వెళ్ళలేదు. ఇన్నేళ్ళ తరువాత ఇదిగో ఇప్పుడే వెళుతోంది.

మర్నాడు తెల్లవారగానే బండాయన మా వాకిట్లో ఉన్నాడు. బండి లేదు, ఎడ్లు లేవు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిద్రపోయినట్టు లేదు.

"అమ్మగారండీ, మీరు పెద్దోరు. తిట్టండి. కొట్టండి. నా ఇంటిని చావిల్లు చేసి పోతారాండి? రేత్తిరంతా మా ఆడది ఏడుపండి. పిల్లల్ని పక్కలో ఎట్టుకుని, ఎవరికేమవుద్దోనని కూకుందండి."

నాయనమ్మ అరుగు మీద కూర్చుని, ఆయన్నీ కూర్చోమంది. ఆయన కూర్చోలేదు.

"మీ ఇంటి గురించి నేనేమీ అనలేదు నాయనా. నీ పిల్లలు వెయ్యేళ్ళు బతకాలి. నేను వచ్చింది నీ ఎద్దు కోసం. అది బతికే ఇంట్లో ఉందో, చచ్చే ఇంట్లో ఉందో నాకు తెలియలేదు. ఏ మాట అనాలో తెలియక ఊరుకున్నాను. ఏ ఇల్లో నీకు తెలుసు. నువ్వు చెప్పు. బతికే ఇల్లే అంటే ఇప్పుడే వచ్చి వెళ్ళొస్తానని చెప్పి వస్తాను."

బండాయన అప్పుడు కూర్చున్నాడు. కాసేపు తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ పెద్ద నోటి మనిషి గొంతు అంత చిన్నదవుతుందని నేననుకోలేదు.

"నా సేత్తో పెంచానండి దాన్ని. దూడప్పటి నుంచీనండి. పొడిసినప్పుడల్లా నాకే దిగిందండి. ఏం సెయ్యనండి? ఈ రోజుల్లో బండి ఆపితే నా ఇళ్ళు ఇంకోడు పట్టుకుపోతాడండి. మళ్ళా రావండి."

'నా ఇళ్ళు' అంటే అతను వాడుకగా ధాన్యం తోలే రైతుల ఇళ్ళు. ఏ ఇంటి ధాన్యం ఏ బండి తోలాలో ఊళ్ళో తరతరాల వాడుక. నూర్పుల్లో బండివాడు చేతులెత్తేస్తే ఆ ఇల్లు మరొకరి వాడుకలోకి పోతుంది. ఎద్దును నిలిపితే ఇళ్ళు పోతాయి, నిలపకపోతే ఎద్దు పోతుంది. పాపం, అతను ఆ రెంటి మధ్యా ముల్లుకర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఇళ్ళు పోవు," అంది నాయనమ్మ. "నీ ఇళ్ళకు నీ పేరునే బండి వెళుతుంది. మా జోడును తీసుకో."

"మరి మీ ధాన్యవండి?"

"మా ధాన్యం మా కళ్ళంలోనే ఉంటుంది. వాన వస్తే కప్పుకుంటాం. నువ్వు ఎద్దును తీసుకుని పశువుల ఆసుపత్రికి నడు. బండి తోలడానికి మనిషిని నేనిస్తాను."

"ఎవర్నండి? మీ పాలేరు కళ్ళంలో ఉన్నాడు కదండి."

నాయనమ్మ ఇంటి లోపలికి చూసి కేక వేసింది. "అబ్బాయ్! నిన్న నిన్ను లాగమన్నాడు కదా. లాగక్కర్లేదులే, తోలు."

బాబాయి బయటికొచ్చాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల్లి ముఖంలోకి చూశాడు, బండాయన ముఖంలోకి చూశాడు. మారుమాట్లాడకుండా లోపలికి వెళ్ళి ప్యాంటు విప్పి, పంచె కట్టుకుని వచ్చాడు. మా వంశంలో నేను గర్వపడే దృశ్యాలు చాలా లేవు. ఇది ఒకటి.

బాబాయికి బండి తోలడం బొత్తిగా చేతకాదు. ఎడ్లే ఆయన్ని తోలాయి. లాకుల దగ్గర టీ కొట్టు రాగానే ఆగిపోయేవి. ఎంత అదిలించినా కదిలేవి కావు. బాబాయి దిగి ఒక టీ తాగితే గాని ముందుకు నడిచేవి కావు. మా పాలేరును నిలదీస్తే, "నేనెప్పుడూ ఆగలేదండి బాబూ. ఆటికే టీ నీళ్ళ వాసన అలవాటైపోయిందండి," అన్నాడు. మిల్లు ఆవరణలో మొదటిరోజు నవ్వులే నవ్వులు. "ఏవండోయ్ బాబుగారూ, దాపట కట్టారా, వలపట కట్టారా మిమ్మల్ని?" అని ఆటపట్టించారు. నవ్వుతూనే బస్తాలు దింపడానికి చెయ్యి వేశారు. ఆనాడు గోనె ఎత్తి చూపించిన మనిషే, మాటల్లేకుండా, తన జోడును మా కళ్ళానికి తీసుకొచ్చాడు. అతన్ని ఎవరూ పిలవలేదు. వాన రాకముందే మా ధాన్యమూ మిల్లుకు చేరింది. తోలిన కిరాయి బండాయన ఇంటికే చేరింది. ఇళ్ళలో ఒక్కటీ చెయ్యి మారలేదు.

ఇక ఎద్దు సంగతి. ఆసుపత్రిలో దాని పుండును ఊదారంగు మందునీళ్ళతో కడిగి, పూర్తిగా మానేదాకా కాడి తగలకూడదని కచ్చితంగా చెప్పి పంపారు. అది ఆసుపత్రికి బయల్దేరకముందే, ఆ పొద్దున్నే నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని మళ్ళీ కాలవ దాటింది. ఈసారి ఆ ఇల్లాలు పోసిన మజ్జిగ చివరి చుక్కదాకా తాగింది. అల్లం, కరివేపాకు వేసిన మజ్జిగ. నాకూ ఇచ్చారు. లేచేటప్పుడు పాకలోకి వంగి ఎద్దుతో అంది: "వెళ్ళొస్తాను నాయనా." గుమ్మం దగ్గర ఆ ఇల్లాలితో మళ్ళీ అంది. ఆవిడ ఏడుస్తూ నవ్వింది. ఈసారి నా నోరు ఎవరూ మూయలేదు. వాకిట్లో నిలబడి, కాలవ అవతలికి వినబడేంత గట్టిగా, "వెళ్ళొస్తామండీ!" అని అరిచాను.

సంత రోజు వచ్చింది, పోయింది. ఎద్దు పాకలోనే ఉంది. ఆ నూర్పులంతా బడి వదిలాక దానికి పిల్లిపెసర మోసుకెళ్ళడం పిల్లలమైన మా వంతు. పుండు మానిన చోట మళ్ళీ వెంట్రుక రాలేదు. అరచేతి వెడల్పున నల్లటి చర్మం నున్నగా మెరిసేది. తొలకరి దుక్కులకు అది మళ్ళీ కాడి కిందికి వచ్చింది. బండాయన కాడికి దూది దట్టించి, పాత చీరగుడ్డ చుట్టాడు. ముల్లుకర్ర చేత పట్టడం మానేశాడు. ముల్లు లేని వట్టి కర్ర, అదీ మమ్మల్ని బెదిరించడానికే.

"దిగండ్రా, కోతి మూక!" అని మళ్ళీ మొదలైంది. మేమూ మళ్ళీ వేలాడాం. వంతెన ఎక్కుడు రాగానే మాత్రం దిగి, చక్రానికి చెయ్యి వేసేవాళ్ళం. వెయ్యమని ఎవరూ చెప్పలేదు.

ఆ లోకం ఇప్పుడు లేదు. వంతెన ఎక్కుడు చదును చేశారు. ధాన్యం ట్రాక్టర్ల మీద, లారీల మీద పోతోంది. కళ్ళాలున్న చోట రొయ్యల చెరువులు. ఊళ్ళో కాడి అంటే ఏమిటో పిల్లలకు బొమ్మ గీసి చూపించవలసి వస్తోంది. పోయినవన్నీ గొప్పవని నేననను. ఆ రోజుల్లోనూ ముల్లుకర్రలు ఉన్నాయి, చూసీ చూడనట్టు చుట్టలు కాల్చుకునేవాళ్ళు ఉన్నారు. నేను గర్వపడేది ఒక్క విషయానికే. మా ఇంటి పెద్దావిడ ఒక మూగజీవాన్ని కాపాడింది. కాపాడుతూ దాని యజమానిని పోగొట్టుకోలేదు. చావింటి సంగతి దాగినా, ఎద్దును పలకరించిన సంగతి దాగలేదు. ఆ తరువాత ఊళ్ళో ఎక్కడ ఏ పశువుకు బాగాలేదని తెలిసినా, "ఓసారి పలకరించి రండి" అనుకోవడం పరిపాటి అయింది. గడ్డిమోపుతో గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూసి ఎవరూ కోపగించుకోలేదు. చాలాసార్లు ఆ మనిషి రాకముందే కాడి దిగేది.

ఇందులో పొరపాట్లు ఉండవచ్చు. వృద్ధాప్యంలో జ్ఞాపకం తన ఇష్టం వచ్చినట్టు సర్దుకుంటుంది. నేను సర్దుబాట్లను ఇష్టపడను. ఆ ప్రాంతపు పెద్దలు, ముఖ్యంగా బండి కట్టిన కుటుంబాలవారు, ఇది చదివితే నిర్మొహమాటంగా తప్పులు దిద్దవలసిందిగా కోరుతున్నాను. నా తమ్ముడు ఇప్పటికే అది వలపటి ఎద్దని వాదిస్తున్నాడు. మరొక మనవి. మనుషుల పేర్లు కావాలనే రాయలేదని మొదట చెప్పాను. ఎద్దు పేరు మాత్రం రాద్దామనే కలం పట్టాను. బండాయన దాన్ని రోజూ ఎంతో ముద్దుగా, మా వీధి చివరి దాకా వినబడేలాగ పిలిచేవాడు. ఆ పిలుపు చెవిలో ఉంది, పేరు నోటికి రావడం లేదు. తెలిసినవారు దయచేసి తెలియజేస్తే, ఈ వ్యాసంలో ఆ ఒక్క పేరూ చేరుస్తాను.